ఆరుగురు గీసిన ఒక్కడు

"ఏటి మావయ్యా, మనిషి మారిపోయాడు?"

మా మేనల్లుడి ప్రశ్న ఇది. వాడికి పన్నెండేళ్లు. శ్రీకాకుళంలో చదువుకుంటున్నాడు, వేసవి సెలవులకి విజయనగరం మా ఇంటికి వచ్చాడు. మధ్యాహ్నం మూడింటికి బయట కాలు పెట్టేలా లేదు. కరెంటు ఉండగానే ఏదో ఒకటి చూసేద్దామని టీవీలో ‘బాట్‌మన్: గోతమ్ నైట్’ పెట్టాను. మొదటి కథ బుద్ధిగా చూశాడు. రెండోది మొదలయ్యేసరికి మంచం మీంచి లేచి కూర్చున్నాడు. ఇందాకటి బాట్‌మన్ వేరు, ఈ బాట్‌మన్ వేరు. మొహం వేరు, ఒళ్లు వేరు, వెనకాల ఊరు కూడా వేరు. మూడో కథలో ముసుగు తీస్తే లోపల కాలేజీ కుర్రాడిలా ముద్దొచ్చే మొహం. "ఇందులో అసలు బాట్‌మన్ ఎవుడు మావయ్యా?" అన్నాడు.

నేనప్పుడు జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. వాడికి ఇంత పొడుగు జవాబు అక్కర్లేదు, నాకే కావాలి.

సంగతి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. బాట్‌మన్ అంటే గోతమ్ అనే ఊళ్లో రాత్రిళ్లు గబ్బిలం ముసుగేసుకుని దుండగుల్ని పట్టే అమెరికా కామిక్స్ వీరుడు. 2008 జులై 8న నేరుగా డీవీడీగా వచ్చిన యానిమేషన్ సినిమా ఇది. ఆరు చిన్న సినిమాలు కలిపి గంటా పావు. కథలు రాసినవాళ్లు అమెరికావాళ్లు, బొమ్మలు గీసినవాళ్లు జపాన్ స్టూడియోలవాళ్లు: స్టూడియో ఫోర్ డిగ్రీస్ సీ, ప్రొడక్షన్ ఐజీ, బీ ట్రైన్, మ్యాడ్‌హౌస్. మొదటి స్టూడియోకి, చివరి స్టూడియోకి రెండేసి కథలు, మిగతా ఇద్దరికీ ఒక్కొక్కటి. (నీళ్లు అన్నిటికంటే చిక్కగా ఉండేది నాలుగు డిగ్రీల సెల్సియస్ దగ్గర. ఆ స్టూడియో పేరు అందులోంచే వచ్చింది. పేరు పెట్టుకుంటే అలా పెట్టుకోవాలి.) అదే జులై 18న థియేటర్లలోకి ‘ది డార్క్ నైట్’ రాబోతోంది. 2005లో వచ్చిన ‘బాట్‌మన్ బిగిన్స్’కీ దానికీ మధ్య జరిగిన కథలని చెప్పి దీన్ని అమ్మారు. అంటే పెళ్లి భోజనానికి ముందు పెట్టే పానకం లాంటిదన్నమాట.

నేను మొదటిసారి హాస్టల్లో చూశాను. ఎవరో పెన్ డ్రైవ్‌లో వేసి ఇచ్చారు. రాత్రి ఒంటిగంటకి నలుగురం ఒక కంప్యూటర్ ముందు. చూశాక మావాళ్లదీ ఇదే గొడవ. ఒక పద్ధతీ పాడూ లేదు, ఒక్కడు గీసినట్టు లేదు, ఏదీ దేనికీ అతకలేదు. నేను కూడా తలూపాను. అప్పుడు నాకూ అలాగే అనిపించింది. మనసు మారడానికి చాలా ఏళ్లు పట్టింది. మార్చినవాడు బాట్‌మన్ కాదు, కోడి రామ్మూర్తి నాయుడు.

మా ప్రాంతంలో పుట్టినవాళ్లకి ఆయన గురించి వేరే చెప్పక్కర్లేదు. వీరఘట్టంలో పుట్టాడు. 2022 ఏప్రిల్ దాకా ఆ ఊరు శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, ఇప్పుడు పార్వతీపురం మన్యంలో ఉంది. ‘కలియుగ భీముడు’ అన్నారు, ఆ రోజుల్లో పేరుమోసిన జర్మన్ బలశాలి శాండో పేరు కలిపి ‘ఇండియన్ శాండో’ అన్నారు. సర్కస్ కంపెనీ నడిపాడు. ఛాతీ పొంగించి ఇనుప గొలుసు తెంపడం, ఏనుగుని రొమ్ము మీదకి ఎక్కించుకోవడం, కార్లని కదలకుండా పట్టి ఆపడం ఆయన ప్రదర్శనలు. 1942లో పోయాడు. విశాఖ బీచ్‌లో విగ్రహం ఉంది, శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే.

ఇదంతా రికార్డు. మా ఇంట్లో విన్నది వేరు. మా తాతగారు చెప్పిన రామ్మూర్తి రెండు భుజాలకి రెండు కార్లు గొలుసుతో కట్టించుకుని, రెండిటినీ ఒకేసారి ఎదురెదురు దిక్కులకి పరిగెత్తించమని, చిరునవ్వుతో నిలబడ్డవాడు. తాతగారి తమ్ముడు చెప్పిన రామ్మూర్తి నాలుగు కార్లు ఆపాడు. మా వీధి చివర సైకిల్ షాపు ముసలాయన దగ్గరకి వచ్చేసరికి కార్లు పోయి రైలొచ్చింది. అదీ గూడ్సు. ఆ ముసలాయన కూడా అబద్ధం చెబుతున్నట్టు ఎప్పుడూ అనిపించేది కాదు. "ఇంజను నల్లగా కక్కేస్తోంది, సక్రాలు ఉన్నసోటే తిరుగుతున్నాయి, ఈయనేమో మీసం దువ్వుతున్నాడు" అని చెప్పేవాడు. పట్టుకున్నది ఏ చేత్తో, దువ్వింది ఏ చేత్తో అని అడిగితే, "నువ్వు పెద్దయ్యాక ప్లీడరీ చేస్తావురా" అని కసురుకునేవాడు.

ఇప్పుడు గోతమ్ నైట్ మొదటి కథలోకి రండి. షోజిరో నిషిమి తీసింది. స్కేట్‌బోర్డులు వేసుకుని తిరిగే పిల్లలు. ఒక్కొక్కరూ ఆ రోజు బాట్‌మన్‌ని చూశామని చెప్పుకుంటారు. ఒకరికి వాడు పొగలా కరిగిపోయి నేలలోకి ఇంకిపోయే నీడ. ఇంకొకరికి రెక్కలూ గోళ్లూ ఉన్న గబ్బిలం జంతువు, మనిషన్న ఆనవాలే లేదు. మూడో వాడికి అది మరమనిషి. నిజానికి ముగ్గురూ చూసింది ఒకే రోజు, ఒకే వెంటాడటంలో మూడు ముక్కలు. చివరికి, చెప్పడానికి ఏ కథా లేక వింటూ కూర్చున్న నాలుగో పిల్లాడి ఎదుట నిజం బాట్‌మన్ వచ్చి పడతాడు. దెబ్బలు తిని, ఆయాసపడుతూ, మామూలు మనిషి. ఆ పిల్లాడే తన స్కేట్‌బోర్డుతో దుండగుణ్ణి కొట్టి వాణ్ణి కాపాడతాడు.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. పిల్లలు తలా ఒక బాట్‌మన్‌ని చెప్పుకోవడం 1970ల కామిక్స్‌లోనే ఉంది. కానీ కామిక్‌లో ‘ఒకడు ఇలా ఊహించాడు’ అని చదివి పేజీ తిప్పేస్తాం. ఇక్కడ ఆ ఊహలోపల కూర్చోవాలి. నీడ అని చెప్పినవాడి కథ నడిచినంతసేపూ మన కళ్లకీ అది నీడే. సైకిల్ షాపు ముసలాయన చెబుతుంటే నాకు ఇంజను పొగ కనబడినట్టు.

ఇక్కడే నా వాదన. ఆ మొదటి కథ మొత్తం సినిమాని ఎలా చూడాలో ముందే చెప్పేసింది. పిల్లలు ముగ్గురు మూడు రకాలుగా చూశారు, స్టూడియోలు నాలుగు నాలుగు రకాలుగా చూశాయి. రెండో కథలో మొహం మారిందంటే చెప్పే మనిషి మారాడని. మా తాతగారి తమ్ముడి నోటివెంట నాలుగు కార్లు వస్తే "ఇందాక రెండన్నారు కదా" అని మేం ఎవరం అడగలేదు. అడిగితే ఆ రోజుకి కథ ఆగిపోతుంది. వీరుడి కథ అంటే మాకు అలా పలుచోట్ల పలు రకాలుగా ఉండేదే. అలా వింటూ పెరిగినవాణ్ణి హాస్టల్లో తలెందుకు ఊపానో నాకే అర్థం కాదు. సినిమా అనేసరికి వేరే చట్టం అనుకున్నాను కాబోలు.

ఆ చట్టం ఇప్పుడు మరీ ముదిరిపోయింది. పేర్లు పడిపోయాక కూడా కుర్చీలోంచి లేవనివ్వడం లేదు, తర్వాతి సినిమాకి ముడేసే ముక్క ఒకటి ఉంటుందట. ఫలానా హీరో అత్తగారు ఫలానా విలన్‌కి చెల్లెలవుతుందని ఎక్కడో చూపించారట, అది తెలియకపోతే ఈ సినిమా అర్థం కాదట. సినిమాకి వెళ్తున్నామా, పెళ్లిసంబంధం వాకబుకి వెళ్తున్నామా? అన్నీ ఒకదానికొకటి అతకాలి, తేదీలు కుదరాలి, గడ్డం కూడా తేడా రాకూడదు. అలా అతికించుకుంటూ పోతే చివరికి మిగిలేది లెక్క.

అలాగని గోతమ్ నైట్‌ని నెత్తిన పెట్టుకోమనడం లేదు. నాలుగో కథ, మురుగు కాలవల్లో మొసలి మనిషితో పోట్లాట ఉన్నది, నాకు ఎన్నిసార్లు చూసినా ఎక్కలేదు. గీత అద్భుతం, కథ మాత్రం పరీక్షకి ముందురోజు రాసుకున్న నోట్సు. మూడోది మధ్యస్తం. దగ్గరకొచ్చిన తూటాని పక్కకి తిప్పేసే యంత్రం ఒకటి బాట్‌మన్‌కి దొరుకుతుంది. అలా తిప్పిన తూటా ఒకటి పక్కనున్న వేరేవాడికి తగులుతుంది. వాణ్ణి తనే మోసుకుని ఆస్పత్రికి పట్టుకెళ్లి, యంత్రం వెనక్కిచ్చేస్తాడు. పణంగా పెట్టేది నా ప్రాణమే అయి ఉండాలి అంటాడు. ఆ ఒక్కటీ గుర్తుంటుంది.

రెండో కథ గురించి మాత్రం కొంచెం ఆగాలి. గ్రెగ్ రక్కా రాసింది. మొదటి కథలో పట్టుబడిన దుండగుణ్ణి ఇద్దరు పోలీసులు కారులో ఆర్ఖమ్ పిచ్చాసుపత్రికి దింపి వస్తుంటారు. ఒకతను క్రిస్పస్ ఆలెన్, ఒకావిడ ఆనా రమిరేజ్. దారంతా ఒకటే వాదన. మారువేషం వేసుకుని రాత్రిళ్లు తిరిగేవాడి కింద పోలీసులు పనిచేయడమేమిటని ఆలెన్. వాడొచ్చాకే ఈ ఊరు బాగుపడుతోందని రమిరేజ్. ఇంతలో రెండు ముఠాల కాల్పుల మధ్య ఇరుక్కుంటారు, బాట్‌మన్ మంటల్లోంచి నడుచుకుంటూ వస్తాడు. కథ అంతే.

ఈ వాదన నేను పుట్టినప్పటినుంచీ వింటున్నాను, మా ఇంట్లోనే. మా అమ్మది బొబ్బిలి, నాన్నది విజయనగరం. ఈ రెండు ఊర్ల పేర్లు ఒకచోట పలికాక ఇక చెప్పేదేముంది. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో, విజయనగరం విజయరామరాజు బలగంతో బొబ్బిలి కోట మీద పడ్డారు. కోట పడిపోయింది. లోపలి ఆడవాళ్లు, పిల్లలు శత్రువు చేతికి చిక్కకుండా వాళ్ల మగవాళ్లే చంపేసుకున్నారు. అప్పటికి రాజాంలో ఉన్న తాండ్ర పాపారాయుడు తర్వాత రాత్రిపూట విజయరామరాజు డేరాలోకి దూరి ఆయన్ని పొడిచి చంపాడు.

దీన్ని మా అమ్మ చెప్పినప్పుడు పాపారాయుడు ఆరడుగుల పైచిలుకు పులి. వెళ్లేముందే తను తిరిగిరాడని తెలుసు. రాజుని లేపి, కత్తి పట్టుకోమని, అప్పుడు పొడిచాడు. మా నాన్న చెప్పినప్పుడు పాపారాయుడు డేరా గుడ్డ కోసుకుని వెనకాల నుంచి పాకి వచ్చినవాడు. "నిద్రపోతున్నవాణ్ణి పొడవడం కూడా వీరత్వమేనేటి?" అంటాడు నాన్న. "ఫిరంగులు అరువు తెచ్చుకుని పక్కింటి మీద పడ్డవాళ్లా వీరత్వం గురించి చెప్పేది?" అంటుంది అమ్మ. నలభై ఏళ్ల కాపురంలో ఈ కేసు ఇంకా తేలలేదు.

సరిగ్గా ఇదే ప్రశ్న రెండో కథలో కారులో నడిచేది. చట్టం కుదరని చోట రాత్రిపూట వచ్చి తీర్పు చెప్పేవాణ్ణి ఏమనాలి? దేవుడనాలా, హంతకుడనాలా? బుర్రకథలో బొబ్బిలి కథ విన్నవాళ్లు వెంటనే జవాబు చెప్పగలరు, ఎందుకంటే అక్కడ చెప్పేవాడు ముందే పక్షం తీసుకుంటాడు. తీసుకోవాలి కూడా, లేకపోతే తందాన తాన అనే గొంతుకి ఊపు రాదు. గోతమ్ నైట్‌లో ఆరు కథలు ఉండటం వల్ల ఆ వెసులుబాటు వచ్చింది. ఒక కథ వాణ్ణి ఆరాధిస్తుంది, ఇంకొకటి అనుమానిస్తుంది. రెండు గంటల ఒకే సినిమా అయితే ఎక్కడో ఒకచోట మనకి తీర్పు చెప్పేయాలి. అమ్మ వెర్షనో, నాన్న వెర్షనో ఒకటి తేల్చేయాలి.

అయితే నా వాదనకి అడ్డొచ్చేది ఒకటుంది, దాచుకోను. పది రోజుల తర్వాత వచ్చిన ‘ది డార్క్ నైట్’లో రమిరేజ్ పాత్ర ఉంది. డబ్బవసరంలో పడి ముఠావాళ్లకి అమ్ముడుపోయేది ఆవిడే. ఇక్కడ కారులో బాట్‌మన్‌ని వెనకేసుకొచ్చిన మనిషి. ఆ సంగతి తెలిసి రెండో కథ మళ్లీ చూస్తే ఆవిడ మాటలన్నీ వేరేగా వినబడతాయి. ఇది అతుకే. నేను పైన తిట్టిపోసిన బాపతు అతుకే. కానీ మంచి అతుకు. దీన్ని గుర్తుపట్టకపోయినా కథ కుంటుపడదు, గుర్తుపడితే మాత్రం గొంతులో ఏదో అడ్డం పడుతుంది. అతుకులన్నీ ఇలా ఉంటే నాకు పేచీ లేదు.

ఆరు కథల్లోనూ మారనిది ఒకటుంది, గొంతు. అన్నిట్లోనూ బాట్‌మన్‌కి మాట ఇచ్చినవాడు కెవిన్ కాన్రాయ్ ఒక్కడే. 1992లో మొదలైన టీవీ సీరియల్ నుంచి ఆ గొంతు ఆయనదే. 2022 నవంబర్‌లో పోయారు. మా ఊళ్లో సంగీత కళాశాల ముందు నుంచి వెళ్తున్నప్పుడల్లా ఆదిభట్ల నారాయణదాసు గుర్తొస్తారు, 1919లో అది మొదలైనప్పుడు తొలి ప్రిన్సిపాల్ ఆయన. హరికథలో ఒకే మనిషి రాముడవుతాడు, రావణుడవుతాడు, సీతవుతాడు. వొళ్లు ఒకటే, గొంతులు పది. ఇక్కడ తిరగేశారు: ఒళ్లు ఆరు, గొంతు ఒకటి. మా మేనల్లుడు తికమకపడుతూనే చివరిదాకా చూశాడంటే, కళ్లకి దొరకనిది చెవికి దొరుకుతూ ఉండటం వల్లేనని నా అనుమానం.

ఐదో కథ. దీని కోసమే ఈ సినిమాని ఇన్నేళ్లకి మళ్లీ పెట్టాను. బ్రయాన్ అజరెల్లో రాశాడు, తొషియుకి కుబొవోకా తీశాడు. కడుపులో తూటాతో బాట్‌మన్ మురుగు కాలవలో దేకుతుంటాడు. ఆ నొప్పిలో ఇండియా గుర్తొస్తుంది. ఔను, మన ఇండియానే. కుర్రతనంలో నొప్పిని ఓర్చుకునే విద్య నేర్చుకుందామని వచ్చాడట. ఫకీర్ల దగ్గర మగవేషంలో ఆ విద్య నేర్చుకుని, ఆడదని తెలిశాక వెలివేతకి గురైన ఒకావిడ అతనికి నేర్పుతుంది. ఆవిడ పేరు కసాండ్రా. ఏ జిల్లా, ఏ మండలమో చెప్పలేదు. ఇండియా అనగానే నిప్పులూ, మేకులూ, ఫకీర్లూ గుర్తొచ్చే జబ్బు హాలీవుడ్‌కి ఎప్పటిదో, జపాన్ బ్రష్షు కూడా దాన్ని నయం చేయలేకపోయింది.

వెటకారం చేసి వదిలేద్దును. కానీ మా తాతగారు చెప్పిన రామ్మూర్తి కథ చివరి భాగం ఉంది. కాలికి పుండు పట్టి కాలు తీసేయాల్సి వచ్చిందట. మత్తుమందు ఇస్తామంటే వద్దన్నాడట. ప్రాణాయామం చేసి ఊపిరి బిగించి, కోసుకోమన్నాడట. తాతగారు ఇది చెప్పేటప్పుడు కార్ల కథ చెప్పే గొంతు ఉండేది కాదు. నెమ్మదిగా చెప్పేవారు. నిజంగా అలాగే జరిగిందా అని నేను ఎప్పుడూ అడగలేదు. ఐదో కథ చూస్తున్నప్పుడు ఆ గొంతే గుర్తొచ్చింది. మేం చిన్నప్పుడు అరుగు మీద కూర్చుని నమ్మినదాన్ని, వాళ్లు తోక్యోలో గీస్తే నవ్వడం న్యాయమేనా?

కసాండ్రా అతనికి నేర్పుతుంది గానీ, చివరికి నీ నొప్పి నేను తీర్చగలిగేది కాదు అని పంపేస్తుంది. మళ్లీ కాలవలోకి వస్తాం. చెత్తలో ఎవరో పారేసిన తుపాకీలు, ఒకటి కాదు, కుప్ప. వాటన్నిటినీ ఏరి రెండు చేతుల్లో పొదువుకుంటాడు. పైన అతని నమ్మకమైన నౌకరు ఆల్ఫ్రెడ్ వంగి, చెయ్యి ఇవ్వండి అంటాడు. ఇవ్వలేను అంటాడు బాట్‌మన్. అక్కడ ఆగిపోతుంది.

మా వాడు రిమోట్ లాక్కున్నాడు. "అదేటి? సెయ్యి ఇచ్చాడా లేదా?"

"అక్కడితో అయిపోయిందిరా."

"తుపాకులు వదిలేస్తే ఇవ్వొచ్చు కదా."

తల్లిదండ్రుల్ని తుపాకీ చంపింది కాబట్టి వదలడు అని చెప్పబోయి ఊరుకున్నాను. ఆరో కథ మొదలైంది. అందులో మళ్లీ వేరే మొహం, చేతిలో తుపాకీ పట్టుకుని దాని బరువు గురించి ఆల్ఫ్రెడ్‌తో మాట్లాడుతున్నాడు. ఈసారి మా వాడు మొహం మారిందని అనలేదు. "ఇది ఆ కుప్పలోదే గావాల" అన్నాడు.

రాత్రి భోజనాల దగ్గర పనసపొట్టు కూర వడ్డిస్తుంటే వాడికి ఏదో గుర్తొచ్చింది. మధ్యాహ్నం నేను బొబ్బిలి కథ చెప్పినప్పుడు రెండు రకాలుగానూ చెప్పాను. "అమ్మమ్మా, పాపారాయుడు డేరాలోకి ఎటునుంచి ఎళ్లాడు? ముందునుంచా, ఎనకనుంచా?"

"ముందునుంచే," అంది అమ్మ, గరిటె గిన్నెలో పెట్టి.

"వెనకనుంచిరా," అన్నాడు నాన్న, తల ఎత్తకుండానే.